సికిల్ సెల్‌తో పాటు జీ6పీడీ పరీక్ష కూడా చేయాలి

సంపాదకుడి గారికి,

మన్యంలో 2023 జులై నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లకు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్షలు చేస్తున్నారు. చాలా అవసరమైన పని. ఆ శిబిరంలోనే, అదే రక్తంతో చేయదగ్గ మరో పరీక్ష, జీ6పీడీ గురించి ఈ లేఖ. జీ6పీడీ ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్. అది తక్కువగా ఉన్నవాళ్లకు కొన్ని మందులు పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి.

కిందటి వానాకాలంలో మా అక్క కొడుక్కి వైవాక్స్ రకం మలేరియా వచ్చింది. ఆరేళ్ల పిల్లాడు. 14 రోజులకు ప్రైమాక్విన్ బిళ్లలిచ్చారు. మూడో రోజు పొద్దున మూత్రం కాఫీ డికాక్షన్‌లా వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనుకుని పసరు తాగించాం, పథ్యం పెట్టాం, బిళ్లలు మాత్రం వేస్తూనే ఉన్నాం. మరో రెండు రోజులకు వాడు నిలబడలేకపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి హిమోగ్లోబిన్ 4.

వెంటనే రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టారు. ఆ మేలు మరిచిపోము. సికిల్ సెల్ లేదన్నారు. కూంబ్స్ పరీక్ష నెగెటివ్ కాబట్టి, ఒంట్లోని రక్షణ వ్యవస్థే సొంత కణాలను చంపే జబ్బూ కాదన్నారు. మైక్రోస్కోపులో అంచు కొరికేసినట్టున్న ఎర్రకణాలు కనిపించాయి. అన్నీ జీ6పీడీ ఎంజైమ్ లోపం వైపే చూపిస్తున్నా, ఆ పరీక్ష నార్మల్ అని వచ్చింది. ఏమీ లేదని ఇంటికి పంపేశారు.

ఆ సమయంలో వచ్చే ‘నార్మల్’ను నమ్మకూడదట. ఎంజైమ్ తగ్గిన పాత కణాలు ముందే పగిలిపోతాయి. మిగిలే లేత కణాల్లో ఎంజైమ్ ఎక్కువ. పైగా ఎక్కించిన రక్తంలోని ఎంజైమ్ దాతది. తెలిసిన డాక్టరమ్మ చెబితే మూడు నెలలాగి మళ్లీ చేయించాం, లోపం బయటపడింది. ఇది తల్లి నుంచి మగపిల్లలకు ఎక్కువగా వస్తుందని, మేనమామనైన నన్నూ చేయించుకోమన్నారు. నాకూ ఉంది. ఇన్నేళ్లూ తెలియనే లేదు.

ప్రైమాక్విన్‌ను తప్పుపట్టడం లేదు. కాలేయంలో దాక్కున్న వైవాక్స్‌ను చంపేది అదే. లోపం ఉన్నవాళ్లకు వారానికోసారి, ఎనిమిది వారాలు, డాక్టర్ పర్యవేక్షణలో ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. కానీ లోపం ఉందని ముందు తెలియాలి కదా! సికిల్ సెల్ పరీక్ష హిమోగ్లోబిన్‌ను చూస్తుంది తప్ప ఎంజైమ్‌ను చూడదు. అందుకే మలేరియా ఉన్న మన్యం ఊళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో రెండూ కలిపి చేయాలని వైద్య ఆరోగ్య శాఖను వేడుకుంటున్నాను. రక్తం ఎక్కించాల్సి వస్తే జీ6పీడీ పరీక్షకు ముందే శాంపిల్ తీసి పెట్టాలి. మళ్లీ ఎప్పుడు పరీక్షకు రావాలో డిశ్చార్జి కాగితం మీద తేదీ వేసి రాయాలి.

ఇప్పుడు మావాడి బడి సంచిలో ఒక కార్డు ఉంటుంది. ప్రైమాక్విన్, డాప్సోన్, నైట్రోఫ్యురాంటోయిన్ మందులు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దని నేనే రాసి అట్టకు అంటించాను. బట్టల్లో వేసే కలరా ఉండలు కూడా ఇలాంటి పిల్లలకు ప్రమాదమని తెలిసి, మా అక్క బీరువాలో ఉన్నవన్నీ ఏరి పారేసింది. అలాంటి కార్డు లోపం ఉన్న ప్రతి బిడ్డకూ పీహెచ్‌సీలోనే ఇవ్వాలి.

— ఒక ఉపాధ్యాయుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా