టేబుల్ మీద కుండకు చోటు లేదా?

సంపాదకులకు నమస్కారం.

ఫిబ్రవరి వచ్చిందంటే మా అనంతపురం ఫ్యాన్సీ షాపుల్లో థర్మాకోల్ అగ్నిపర్వతాలకు గిరాకీ. 28న జాతీయ సైన్స్ దినోత్సవం కదా! ఒకటి కొని, అట్ట మీద పిల్లాడి పేరు రాసి బడికి పంపితే మన పని అయిపోయినట్టే. నేనూ అలా పంపినవాణ్ణే.

పోయినేడు మావాడు తొమ్మిదో తరగతి. శివరాత్రికి ముందే ఎండలు ముదిరితే రెండు కుండలు దించాం. ఒకటి రోడ్డు పక్కన కొన్న మామూలు మట్టికుండ, రెండోది మా ఆవిడ ముచ్చటపడి తెచ్చిన రంగుల కుండ. ఒళ్ళంతా ఆయిల్ పెయింటు, పూలు. అందులో నీళ్ళు చల్లబడవు. "ఎందుకు నాన్నా?" అన్నాడు వాడు. బాష్పీభవనం అంటే ఏమిట్రా అంటే తడుముకోకుండా అప్పజెప్పాడు గానీ, ఆ మాటకూ ఈ కుండకూ చుట్టరికం ఉందని తోచలేదు. రెండింటినీ చేత్తో తాకమన్నాను. మట్టికుండ చెమ్మగా ఉంది, రంగులది పొడిగా ఉంది. సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. పెయింటు ఆ దారి మూసేసింది. మన పొడిగాలికి చల్లబడినంతగా, ఉక్కపోసే విశాఖలో మంచి కుండైనా చల్లబడదు.

తేడా ఎంతో చూద్దామని జ్వరం థర్మామీటరు ముంచాడు. అది 35 డిగ్రీల కింద చూపదని అప్పుడు తెలిసింది వాడికి. పనికొచ్చేది బడిలో ఉంది, బీరువాలో, తాళం వేసి. తెలిసినవాళ్ళ దగ్గర ఒకటి తెచ్చి చూస్తే నాలుగు డిగ్రీల తేడా!

ఆ కుండలే బడి సైన్స్ ఫెయిర్‌లో పెడతానంటే, టేబుల్ మీద బాగుండవన్నారు. మళ్ళీ అగ్నిపర్వతమే. వంటసోడా, వెనిగర్ కలిసి పొంగడానికీ భూమిలోంచి లావా రావడానికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. బహుమతి మాత్రం ఇచ్చారు.

టీచర్లను అనడం లేదు, సిలబస్ టెన్షన్ వాళ్ళది. కానీ ఆ రోజు ఎవరి పేరున చేస్తున్నామో ఆ సి.వి. రామన్ 1921లో ఓడలో వెళుతూ, సముద్రం ఎందుకింత నీలంగా ఉందని ఆలోచనలో పడ్డారు. అక్కడ మొదలైన పరిశోధనే 1928 ఫిబ్రవరి 28న, పదార్థాన్ని తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని చెప్పే రామన్ ఎఫెక్ట్‌ దాకా వచ్చింది.

జిల్లా విద్యాధికారులకు నా మనవి: ఈసారి కొన్న మోడళ్ళు తీసుకోవద్దు. ఇంట్లోనో పొలంలోనో పిల్లలు తామే చూసి, కొలిచి తెచ్చినవే పెట్టించండి. బీరువాల తాళాలు కూడా కాస్త తీయించండి.

మావాడికిప్పుడు ఇంకో అనుమానం. పొద్దున్నే నాపరాయి మీద కాలు పెడితే జిల్లుమంటుంది, పక్కనే చాప మీద పెడితే అనదు. రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉన్నవేగా అంటాడు. రెండింటి మీదా థర్మామీటరు పెట్టి చూడాలట. అడిగి తెచ్చినది తిరిగిచ్చేశాం. బడిది ఇంకా బీరువాలోనే ఉంది.

— ఒక విద్యార్థి తండ్రి, అనంతపురం