వారంటీ కోసం పాత హార్డ్ డిస్కు అప్పగించి తీరాలా?

సంపాదకులకు నమస్కారం.

వైఫై రూటరు పక్కన రెండు హార్డ్ డిస్కులున్న చిన్న పెట్టె ఒకటి పెట్టుకొని, కుటుంబ ఫొటోలు, వీడియోలు, ఆస్తి కాగితాల స్కాన్లు అందులో భద్రపరచుకొనే అలవాటు మన పట్టణాల్లోనూ మొదలైంది. నాస్ అని పిలిచే ఈ పెట్టెలో ఒక డిస్కు చెడిపోతే కొత్తది ఎలా బిగించాలో చెప్పేవారు చాలామందే ఉన్నారు. తీసేసిన డిస్కు ఆ తర్వాత ఎవరి చేతికి వెళుతుందో, అందులోని సమాచారం ఏమవుతుందో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా డిస్కుల తయారీ సంస్థల దృష్టికి, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

డిస్కు మార్చడం కష్టమైన పనేమీ కాదు. పెట్టె బీప్‌మని మోగుతుంది, చెడిన డిస్కు ఉన్న అర దగ్గర దీపం రంగు మారుతుంది. తెరపై కనిపించే సీరియల్ నంబరును డిస్కు మీది చీటీతో సరిచూసుకున్నాకే దాన్ని బయటకు తీయాలి. తొందరపడి పక్కనున్న మంచి డిస్కును లాగేస్తే సమాచారానికి మిగిలిన ఆ ఒక్క ప్రతీ ప్రమాదంలో పడుతుంది. అంతే సామర్థ్యం, లేదా అంతకంటే ఎక్కువ సామర్థ్యం ఉన్న డిస్కును ట్రేలో బిగించి తోస్తే, రెండో డిస్కులో ఉన్నదంతా చదివి కొత్తదానిలోకి ఎక్కించే పని పెట్టె చూసుకుంటుంది. 4 టెరాబైట్ల డిస్కుకు సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున లెక్క వేసినా ఇందుకు ఏడు గంటలకు పైగా పడుతుంది, మధ్యలో ఇంట్లోవాళ్లు వాడుతూ ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. అన్ని గంటలూ ఒకే డిస్కు మీద భారం పడుతుంది కాబట్టి ముఖ్యమైన ఫైళ్లను ముందే వేరేచోటికి బ్యాకప్ తీసుకోవాలి.

చిక్కంతా ఆ తర్వాతే వస్తుంది. మా ఇంట్లోని డిస్కు మూడేళ్ల వారంటీ గడువు లోపలే చెడిపోయింది. సర్వీస్ సెంటరుకు తీసుకువెళితే, పాతది అప్పగిస్తేనే మరొకటి ఇస్తామన్నారు. అందులో మా అమ్మగారి ఆసుపత్రి రిపోర్టులు, పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లు, పిల్లల పాస్‌పోర్టు కాపీలు ఉన్నాయని చెప్పి, దాన్ని నా ఎదుటే ధ్వంసం చేయగలరా అని అడిగాను. ‘చచ్చిన డిస్కులో ఏముంటుంది సార్, తిరగనే తిరగదు కదా’ అన్నారు కౌంటరులోని యువకుడు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, తనకు తెలిసిందే చెప్పారు. కానీ ఆ మాట నిజం కాదు.

డిస్కు తిరగకపోవడానికి కారణం చాలాసార్లు దాని అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు కాలిపోవడమో, లోపలి మోటారు, సమాచారాన్ని చదివే రీడ్ హెడ్‌లు పాడవడమో అవుతుంది. సమాచారం ఉండేది అయస్కాంత పూత పూసిన పళ్లేల మీద. అవి చెక్కుచెదరకుండానే ఉండవచ్చు. డేటా రికవరీ సంస్థలు నడిచేదే ఈ ఆధారం మీద. పైగా నాస్ పెట్టె ఒక డిస్కు చెడిపోయిందని ప్రకటించిందంటే అది పూర్తిగా పనికిరాకుండా పోయిందని కూడా కాదు. కొన్ని సెక్టార్లను, అంటే డిస్కులోని చిన్న చిన్న భాగాలను, చదవలేక వరుసగా ఎర్రర్లు వచ్చినా పెట్టె ఆ డిస్కును పక్కన పెట్టేస్తుంది. రెండు డిస్కుల పెట్టెను అద్దంలో ప్రతిబింబంలా, అంటే రెయిడ్ 1 పద్ధతిలో వాడుకుంటే, ప్రతి డిస్కులోనూ ఇంటి సమాచారం మొత్తం ఉంటుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసినవారు అలాంటి ఒక్క డిస్కును మామూలు కంప్యూటరుకు తగిలించి కూడా ఫైళ్లు తెరవగలరు. మనల్ని కాపాడటానికి పెట్టుకున్న రెండో ప్రతే, పరాయి చేతిలో పడితే మన గుట్టంతా బయటపెడుతుంది.

తిరుగుతున్న డిస్కునైతే ఇచ్చేముందు పూర్తిగా చెరిపేయవచ్చు. తిరగని డిస్కును ఇంట్లో చెరిపే దారే లేదు. సుత్తితో పగలగొడితే వారంటీ చెల్లదు. నేను చివరకు ఆ డిస్కును ఇంటికి తెచ్చేసుకొని, కొత్తది సొంత డబ్బుతోనే కొన్నాను. అలా కొనే స్తోమత అందరికీ ఉండదు, ఉన్నా వారంటీకి కూడా కలిపి ధర చెల్లించినవారు దాన్ని ఎందుకు వదులుకోవాలి?

ఇది అతి భయమని కొట్టిపారేసేవారు ఒక ఉదంతం తెలుసుకోవాలి. 2022 సెప్టెంబరులో అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ ఆర్థిక సేవల సంస్థ మోర్గాన్ స్టాన్లీకి చెందిన బ్రోకరేజీ విభాగంపై 3.5 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. సుమారు కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారాన్ని కాపాడటంలో ఆ సంస్థ విఫలమైందని, పాత సర్వర్లను, హార్డ్ డిస్కులను వదిలించుకొనే పనిని డేటా ధ్వంసంలో అనుభవమే లేని రవాణా సంస్థకు అప్పగించిందని, వాటిలో కొన్ని సమాచారం చెరగకుండానే ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయని తేల్చింది. అంత పెద్ద సంస్థ డిస్కులకే ఆ గతి పట్టినప్పుడు, కౌంటరులో అప్పగించి రసీదు తీసుకున్న మన డిస్కు ఎక్కడ తేలుతుందో ఎవరు చెప్పగలరు?

కొత్తగా పెట్టె కొనేవారికి ఒక మనవి. మొదటి రోజే, వాల్యూమ్ (ఫైళ్లు దాచే స్థలం) సృష్టించేటప్పుడే ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివారు చదవలేనట్లు సమాచారాన్ని మార్చేసే పద్ధతి, ఎంచుకోండి. చాలా పెట్టెల్లో ఫైళ్లన్నీ ఎక్కించాక వాల్యూమ్ మొత్తానికి దాన్ని పెట్టడం కుదరదు. దాని కీని అవే డిస్కుల మీద దాచవద్దు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అది పోతే ఫైళ్లను మీరు కూడా తెరవలేరు. ఇలా చేసి ఉంటే చెడిన డిస్కును ఎవరికైనా నిశ్చింతగా ఇవ్వవచ్చు.

అయితే బాధ్యతంతా కొనుగోలుదారుపైనే నెట్టడం న్యాయం కాదు. డెల్, హెచ్‌పీ వంటి సంస్థలు చెడిన డిస్కును తిరిగి ఇవ్వకుండా కొన్నవారే ఉంచుకొనే సేవను వ్యాపార ఖాతాదారులకు అదనపు రుసుముతో అందిస్తున్నాయి. కాబట్టి ఇది అసాధ్యమైన కోరిక కాదు. ఇళ్లకు డిస్కులు అమ్మే సంస్థలు కూడా సహేతుకమైన రుసుము తీసుకొని ఈ వెసులుబాటు ఇవ్వాలి, లేదా వినియోగదారు ఎదుటే డిస్కుకు రంధ్రం చేసి, సీరియల్ నంబరు నమోదు చేసుకొని వారంటీ క్లెయిమును అంగీకరించాలి. బదులుగా ఇచ్చేది కొత్త డిస్కా, బాగుచేసి తిరిగి ధ్రువీకరించినదా అన్నది కూడా కొనేటప్పుడే డిస్కు ప్యాకింగు మీద అందరికీ కనబడేలా ముద్రించాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసిన కేంద్ర ప్రభుత్వం, వారంటీ కింద చేతులు మారే డిస్కులలోని సమాచారానికి ఎవరు బాధ్యులో స్పష్టం చేయాలి. అంతవరకు సర్వీస్ సెంటర్లు కనీసం, తీసుకున్న డిస్కును ఏం చేస్తారో రసీదు మీదే రాసి ఇచ్చేలా వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
హనుమకొండ.