వార్షిక నివేదిక: చికిత్సకు ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు

సభ్యులందరికీ నమస్కారం.

మద్యం, డ్రగ్స్ మానడానికి చికిత్స కోసం మన దగ్గరికి ఎవరు వస్తున్నారో ఈ ఏడాది శ్రద్ధగా చూశాం. వచ్చేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. అదీ ఆరోగ్యం దెబ్బతిన్నాకో, ఉద్యోగం పోయాకో వస్తున్నారు. తమంతట తాముగా వచ్చినవాళ్ళు తక్కువ. భార్యో, అమ్మో, అన్నో వెంటబెట్టుకుని తెచ్చినవాళ్ళే ఎక్కువ.

ఆడవాళ్ళు చాలా తక్కువగా కనిపించారు. అంటే అవసరం లేదని కాదు. ఐక్యరాజ్య సమితి 2024 ప్రపంచ డ్రగ్ రిపోర్టు ప్రకారం, డ్రగ్స్ సమస్యతో బాధపడే మగవాళ్ళలో 7 మందికి ఒకరు చికిత్స పొందుతుంటే, ఆడవాళ్ళలో 18 మందికి ఒక్కరే పొందుతున్నారు. నలుగురికీ తెలిస్తే ఏమంటారో, పిల్లల్ని దూరం చేస్తారేమో అన్న భయం వాళ్ళను గడప దాటనివ్వదు. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేకుండా రమ్మని పిలవడం మన తప్పే. అందుకే ఆడవాళ్ళ కౌన్సెలింగ్‌కు వేరే సమయం పెట్టాం. ఆ గంటసేపు పిల్లల్ని కార్యకర్తలు చూసుకుంటారు.

పెద్ద వయసువాళ్ళ సంగతి ఇంకోలా ఉంది. తూలినా, మతిమరుపు వచ్చినా వయసు వల్లేనని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. మద్యం మీద నిద్రమాత్ర వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చని చాలామందికి తెలియదు. తాగుడు అలవాటు ప్రమాదకరంగా మారిందేమో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో 10 ప్రశ్నలే ఉన్నాయి. వాటిని మన ఆరోగ్య శిబిరాల్లో అందరినీ అడగడం మొదలుపెట్టాం. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు, ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరంతే.

కుటుంబాలకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషిని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణాపాయం కలగవచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. హెరాయిన్ లాంటివి కొన్నాళ్ళు మానేసినవాళ్ళకు వేరే ప్రమాదం ఉంది. శరీరానికి ఆ అలవాటు తగ్గిపోతుంది కాబట్టి, మళ్ళీ పాత మోతాదు తీసుకుంటే చనిపోవచ్చు.

మానేసి మళ్ళీ మొదలుపెట్టి తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను "మళ్ళీ వచ్చావా?" అని ఎవరూ అనవద్దని కార్యకర్తలకు చెప్పాం. బీపీ పెరిగినవాళ్ళు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్తే మనం అలా అనం కదా.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది నుంచి రిజిస్టరులో ఒక ప్రశ్న కలుపుతున్నాం: "ఇక్కడికి రావాలని మొదట ఎప్పుడు అనుకున్నారు, ఇన్నాళ్ళూ ఏది ఆపింది?"