లాన్‌జౌ అక్కకు కృతజ్ఞతలు

చైనాలోని లాన్‌జౌ నగరంలో, జెంగ్‌నింగ్ రోడ్డు నైట్ మార్కెట్‌లో ఆ అర్ధరాత్రి క్యూలో నా ముందు నిలబడ్డ అక్కా, మీ పేరు అడగలేకపోయాను. మీకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

రైలు దిగి బ్యాగుతోనే వచ్చాను, ఆకలి దంచేస్తోంది. ఆ బండి దగ్గర పాలు మరిగించి, గుడ్డు గిలకొట్టి పోసి, పులియబెట్టిన జిగట బియ్యం కలిపి, పైన ఎండుద్రాక్ష, నువ్వులు, వేరుశనగ పలుకులు చల్లి ఇస్తారు. వేరుశనగ నాకు ప్రాణం మీదికి తెస్తుంది. నా టెన్షన్ చూసి మీరే ఫోన్‌లో అనువాదం పెట్టి విషయం కనుక్కున్నారు. బండాయనకు రెండుసార్లు చెప్పి గరిటె కడిగించారు, గిన్నె మార్పించారు. ఆయన చేతులు ఆగేదాకా మీ చూపు ఆ గిన్నె మీదే ఉంది. తోడబుట్టినవాళ్లు కూడా అంత జాగ్రత్త పడరేమో!

అక్కడ చాలావరకు క్యూఆర్ స్కాన్ చెల్లింపులే. నా కార్డు యాప్‌లో పనిచేయకపోతే డబ్బులూ మీరే కట్టారు. నేను చాపిన యువాన్ నోటు మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టారు.

చైనా వెళ్లే మనవాళ్లలో ఎవరికైనా ఏదైనా పడకపోతే, ఆ సంగతి చైనీస్‌లో రాయించి దగ్గర పెట్టుకోండి. నాకు వేరుశనగ పడదని అక్క రాసిచ్చిన చీటీయే మిగతా ప్రయాణమంతా నాకు అన్నం పెట్టింది.