ఆడ జింకల లైసెన్సులు పెంచడానికి తొందరపడకండి

వయోమింగ్ రాష్ట్ర గవర్నర్ మార్క్ గోర్డన్ గారికి నమస్కారాలతో,

నేను మీ పక్క రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటూ, ఏటా ఆకురాలే కాలంలో మీ రాష్ట్రంలోని సబ్లెట్ కౌంటీకి వేటకు వచ్చే తెలుగువాణ్ణి. ఈ లేఖ ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. నాలాగే ఈ కొండ రాష్ట్రాల్లో స్థిరపడి, వేట నేర్చుకుంటున్న మావాళ్ళు కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

2023 ఏప్రిల్‌లో ఆ కౌంటీలోని పైన్‌డేల్ ఊరి దగ్గర మంచు కరిగిన చోట ఒక మ్యూల్ డీర్ (పెద్ద చెవుల అమెరికా జింక) పిల్ల చచ్చి పడి ఉంది. నా వెంట వచ్చిన స్థానిక మిత్రుడు దాని తొడ ఎముక విరిచి చూపించాడు. మూలుగ పేరుకున్న నెయ్యిలా తెల్లగా ఉండాలి. అది ఎర్రటి జావలా ఉంది. ఒంట్లోని కొవ్వంతా హరించుకుపోయాక, చివరికి ఎముకలో దాచుకున్నది కూడా ఖర్చయిపోయిందన్నమాట. అక్కడి నుంచి రోడ్డుదాకా అలాంటివి ఎన్ని చూశామో లెక్కపెట్టడం మధ్యలోనే మానేశాం.

ఆ చలికాలం వయోమింగ్ రేంజ్ కొండల్లోని మ్యూల్ డీర్ మందలో రేడియో కాలర్లు కట్టిన పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. పెద్ద ఆడ జింకలు పదింటిలో ఏడు పోయాయి. దానికి తోడు పైన్‌డేల్ చుట్టుపక్కల ప్రాంగ్‌హార్న్‌లకు (జింకల్లాంటి మరో జాతి జంతువులు) మైకోప్లాస్మా బోవిస్ అనే సూక్ష్మజీవి వల్ల న్యుమోనియా సోకింది. వన్యప్రాణుల వ్యవహారాలు చూసే మీ గేమ్ అండ్ ఫిష్ శాఖ ఆ సంవత్సరం వేల సంఖ్యలో వేట లైసెన్సులు తగ్గించింది. సెలవులు పెట్టుకుని, గదులు మాట్లాడుకున్న మాలాంటివాళ్ళ ఏర్పాట్లన్నీ తలకిందులయ్యాయి. అయినా అది సరైన నిర్ణయమే.

గడ్డి వేసి వాటిని కాపాడలేరా అని మావాళ్ళు అడుగుతుంటారు. చలికాలమంతా సేజ్‌బ్రష్ అనే పొద కొమ్మలు నమిలే జింక కడుపులోని సూక్ష్మజీవులు ఆ మేతకే అలవాటుపడి ఉంటాయి. ఉన్నట్టుండి ఎండుగడ్డి, ధాన్యం పెడితే అరగక, జింకలు నిండు కడుపుతోనే చచ్చిపోతాయి. కాబట్టి దాతృత్వం పనికిరాదు. మంద మళ్ళీ పెరగాలంటే మిగిలిన తల్లులు బతకాలి. మీ రాష్ట్రంలోనే రెడ్ డెజర్ట్ ఎడారి నుంచి హోబాక్ దాకా కొన్ని మ్యూల్ డీర్‌లు వలస నడిచే సుమారు 240 కిలోమీటర్ల దారి ఉంది. అలాంటి దారిని పిల్ల తల్లి వెంట తిరుగుతూ నేర్చుకుంటుంది. తల్లి పోతే ఆ దారి తెలిసిన జీవి కూడా పోయినట్టే.

ఒకటి రెండు చలికాలాలు తేలికగా గడిచేసరికి లైసెన్సులు పెంచమనే ఒత్తిడి మీమీద వస్తుంది. హోటళ్ళవాళ్ళకూ, వేట గైడ్లకూ అది బతుకుతెరువు, వాళ్ళను తప్పుపట్టను. శాఖ ఖర్చులకు లైసెన్సు డబ్బు ఎంత ముఖ్యమో కూడా నాకు తెలుసు. కానీ పెంచవలసి వస్తే ఆడ జింకల లైసెన్సులు అన్నిటికన్నా చివర పెంచండి. పిల్లలు రెండు చలికాలాలు దాటాయని లెక్కల్లో తేలిన తరువాతే పెంచండి. ఆ లోటు పూడ్చడానికి బయటి రాష్ట్రాల వేటగాళ్ళ దగ్గర అదనపు రుసుము తీసుకోండి. సంతోషంగా కడతాను.

మరొక విన్నపం కంచెల గురించి. నేను పుట్టింది కర్నూలు వైపు. రోళ్ళపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలు గాల్లోకి ఎగరడం చూస్తూ పెరిగాను. అంత వేగంగా పరుగెత్తే ప్రాంగ్‌హార్న్ నాలుగు తీగల కంచె ముందు ఆగి, తల వంచి, కింద సందు కోసం వెతుక్కోవడం మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళను నేనే నమ్మలేదు. అది సాధారణంగా దూకదు, దూరుతుంది. మంచు పేరుకుంటే ఆ సందూ మూసుకుపోతుంది. అడుగు తీగను ముళ్ళు లేనిదిగా మార్చి, నేలకు 40 సెంటీమీటర్లకు పైగా ఎత్తితే చాలు. 2012లో పైన్‌డేల్ సమీపంలోని ట్రాపర్స్ పాయింట్ దగ్గర జంతువులు దాటడానికి రహదారి మీద కట్టిన వంతెన ఎంత మేలు చేసిందో మీ జిల్లాలవాళ్ళే చెబుతారు. వలస దారుల రక్షణకు 2020లో మీరే ఉత్తర్వు ఇచ్చారు. దాని కింద కంచెలు మార్చుకునే పశువుల పెంపకందార్లకు ఖర్చు పూర్తిగా రాష్ట్రమే భరించేలా చూడండి. పని వేసవిలోనే జరగాలి, మంచు పడ్డాక గుంజలు పాతడం కుదరదు.

ఆడ జింక లైసెన్సుకు నేను దరఖాస్తు పెట్టడం మానేశాను. ఆ దారిలో మళ్ళీ పిల్లలతో నడిచే తల్లులు కనబడేదాకా పెట్టను.

ఇట్లు,
సబ్లెట్ కౌంటీకి ఏటా వచ్చే ఒక వేటగాడు