పేరు రాయొద్దన్న తమ్ముడికీ, పేర్లు తెలియని దాతలకూ

ఈసారి మా తొమ్మిదో తరగతి మార్కుల షీటు మొత్తం నేనే ఎంటర్ చేశాను. పక్కన ఎవరూ కూర్చుని చదివి చెప్పలేదు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇన్నేళ్ల సర్వీసులో పాఠం చెప్పడానికి ఎప్పుడూ ఇబ్బంది పడలేదు కానీ, రికార్డు పని అనగానే ఎవరో ఒకరి ఖాళీ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. ఈసారి ఆ అవసరం రాలేదు. దానికి కారణమైనవాళ్లకు నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను.

ముందు మా హెచ్‌ఎం గారికి. నాకు క్లాస్ టీచర్ బాధ్యత ఇవ్వాలా వద్దా అని స్టాఫ్ మీటింగులో మాట వచ్చినప్పుడు, "మేడమ్ చేస్తానంటున్నారు కదా, చేయనివ్వండి" అని ఒక్క మాటతో తేల్చేశారు. తరవాత మా స్టాఫ్‌కి. మార్కులు కాగితం మీద రాసివ్వకుండా, అడిగిన వెంటనే వాట్సాప్‌లో టైప్ చేసి పంపారు. కాగితమైతే నేను ఇంకొకరిని అడగాలి, టైప్ చేసింది నేనే వినగలను. ఆ తేడా చెప్పించుకోకుండా అర్థం చేసుకున్నందుకు వాళ్లందరికీ నమస్కారం.

ఇక కరీంనగర్‌లో ఉండే ఒక తమ్ముడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. బ్యాంకులో ఉద్యోగం, అతనికీ చూపు లేదు. మేమిద్దరం ఇంతవరకు ఎదురుపడలేదు. చూపులేనివాళ్ల గ్రూపు ఒకదాంట్లో నేను, "ఎక్సెల్‌లో పెద్ద టేబుల్ వస్తే ఏ పిల్లాడి దగ్గర ఉన్నానో, ఏ సబ్జెక్టులో ఉన్నానో తెలియట్లేదు, ఎవరైనా నేర్పిస్తారా" అని వాయిస్ మెసేజ్ పెడితే, ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. అప్పటి నుంచి రాత్రి భోజనాలయ్యాక తీరిక చేసుకుని, నాకు పూర్తిగా పట్టుబడేదాకా నేర్పించాడు.

అతను నేర్పించింది ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మేం కంప్యూటర్ వాడేది స్క్రీన్ రీడర్‌తో. స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాం అది. నేను వాడేది ఎన్‌వీడీఏ. ఎక్సెల్‌లో ఒక గడిలోకి వెళితే అది "78, డి14" అంటుంది. డి అంటే ఏ సబ్జెక్టు, 14 అంటే ఎవరు అన్నది నేను గుర్తుపెట్టుకోవాలి, లేదా ప్రతిసారీ పైకి ఎక్కి, పక్కకు వెళ్లి, వినివచ్చి మళ్లీ అదే గడి వెతుక్కోవాలి. నలభై మంది పిల్లలు, ఆరు సబ్జెక్టులు ఉన్న షీటులో ఆ పని చేస్తే తల తిరిగిపోతుంది. ఆ తమ్ముడు చెప్పినట్టు సబ్జెక్టుల పేర్లున్న వరసలో మొదటి గడి మీద నిలబడి ఎన్‌వీడీఏ కీ (ఎన్‌వీడీఏకి ఆదేశాలివ్వడానికి వాడే బటన్, మామూలుగా ఇన్సర్ట్), షిఫ్ట్, సి కలిపి కొట్టాను. పిల్లల పేర్లున్న నిలువు వరసలో మొదటి గడి మీద ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, ఆర్ కొట్టాను. అంతే. ఇప్పుడు పక్కకు జరిగితే ముందు సబ్జెక్టు పేరు చెప్పి మార్కు చెబుతుంది, కిందికి దిగితే పిల్లాడి పేరు చెప్పి మార్కు చెబుతుంది. ఆ రాత్రి షీటు మొత్తం ఒకసారి పైనుంచి కిందికి ఊరికే వింటూ కూర్చున్నాను. నా క్లాసు పిల్లలందరి పేర్లూ, మార్కులూ, మధ్యలో ఏ మనిషీ లేకుండా నా చెవిలో పడుతుంటే ఎంత సంతోషం వేసిందో మాటల్లో పెట్టలేను.

ఎంత నోటితో చెప్పినా ఒక్కోసారి నా లాప్‌టాప్‌లో ఏం జరుగుతోందో అతనికి తెలిసేది కాదు. అప్పుడు రిమోట్ కనెక్షన్ పెట్టేవాడు. ఇద్దరం పాస్‌వర్డు లాంటి ఒకే కీ ఎంటర్ చేస్తే, కరీంనగర్‌లో అతను కొట్టిన బటన్లు నా లాప్‌టాప్‌లో పనిచేస్తాయి, నా లాప్‌టాప్ మాట్లాడేది అక్కడ అతనికి వినిపిస్తుంది. స్క్రీన్ బొమ్మ పంపాల్సిన పని లేదు, మాట మాత్రమే వెళుతుంది కాబట్టి మా ఊరి నెట్‌కి కూడా సరిపోతుంది. ఈ రిమోట్ సౌకర్యాన్ని 2015లో క్రిస్టొఫర్ టోత్, టైలర్ స్పైవీ అనే ఇద్దరు తయారు చేశారు. దానికి డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఇండీగోగో అనే వెబ్‌సైట్ ద్వారా జనం వేసిన చందాల నుంచి. ఇంకా తయారు కాని వస్తువు కోసం, తయారయ్యాక అందరికీ ఉచితంగా ఇస్తామంటే, ఎవరెవరో ముందే డబ్బు వేశారు. 2025 నుంచి అది ఎన్‌వీడీఏలోనే భాగమైంది. ఆ చందా వేసినవాళ్లలో ఎవరూ విజయనగరం పేరు విని ఉండరు. వాళ్లకు నా కృతజ్ఞతలు ఎలా చేరతాయో తెలియదు, అయినా చెప్పకుండా ఉండలేను.

పని పూర్తయ్యాక ఆ తమ్ముడిని ఫోన్ పే నంబర్ అడిగాను. ట్యూషన్ ఫీజు అనుకో, చెల్లెలికి చీర పెట్టాననుకో, ఏదో ఒకటి తీసుకో అన్నాను. "అక్కా, నాకేం పంపకు. నాకు కూడ ఎవరో ఊరికేనే నేర్పిన్రు. ఆ పైసలు ఎన్‌వీ యాక్సెస్‌కు పంపియ్యి" అన్నాడు. ఎన్‌వీడీఏని తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చే సంస్థ అది. ఈ పోస్టులో సగం అతని మాట వల్లనే రాస్తున్నాను. ఎందుకంటే ఆ సంగతి స్టాఫ్‌రూంలో చెబితే అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. "ఫ్రీగా ఇస్తున్నప్పుడు మళ్లీ డబ్బులు ఎందుకు మేడమ్?"

మంచి ప్రశ్నే. నేను బీఈడీ చదివే రోజుల్లో డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్ ధర దాదాపు వెయ్యి డాలర్లు. మా నాన్నగారు వ్యవసాయం. లాప్‌టాప్ కొనడానికే అప్పు చేయాల్సిన ఇంట్లో, ఆ లాప్‌టాప్ కంటే ఖరీదైన ప్రోగ్రాం గురించి ఆలోచించే ధైర్యం ఎవరికుంటుంది? సరిగ్గా ఇదే బాధతో 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు, అతనూ చూపు లేనివాడే, సొంతంగా స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. అదే ఎన్‌వీడీఏ. చూపున్నవాళ్లకు కంప్యూటర్ స్క్రీన్ విడిగా అమ్మి అదనంగా వసూలు చేయనప్పుడు, చూపులేనివాళ్లు మాత్రం అది వినడానికి ఎందుకు కట్టాలన్నది అతని వాదన. జేమ్స్ టే అనే స్నేహితుడు తోడయ్యాడు. ఇతనికీ చూపు లేదు. చూపులేని పిల్లల కోసం పెట్టిన సంగీత శిబిరంలో చిన్నప్పుడు కలుసుకున్నారట ఇద్దరూ. 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ఆ ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. నేను హాస్టల్ దగ్గరి నెట్ సెంటర్‌లో అలాగే వాడి నోట్సులు రాసుకున్నాను, అప్లికేషన్లు పెట్టుకున్నాను. అప్పట్లో ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఇవ్వగలిగిన స్థితీ కాదు. అందుకు ఎవరూ నన్ను అడగలేదు.

అయితే ఉచితంగా దొరికే వస్తువు తయారవడానికి ఖర్చు ఉండదని కాదు. విండోస్ మారుతుంది, ఆఫీస్ మారుతుంది, బ్రౌజర్లు మారుతూనే ఉంటాయి. ఒక్క అప్‌డేట్‌తో నిన్నటిదాకా చదివిన బటన్ ఇవాళ మూగబోతుంది. అలా మూగబోయిన రోజు మాకెంత టెన్షనో చూపున్నవాళ్లకు చెప్పడం కష్టం. దాన్ని సరిచేయాలంటే ఎవరో ఒకరు రోజూ అదే పని మీద కూర్చోవాలి. ఎన్‌వీడీఏకి ఏడాదికి పలుమార్లు కొత్త వెర్షన్ వస్తోందంటే అర్థం, జీతం తీసుకుని పూర్తి సమయం దానికే ఇచ్చేవాళ్లు కొందరున్నారని. స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ పిల్లలనూ ఉద్యోగాన్నీ చూసుకుని రాత్రిపూట చేసే సాయం మీద మాత్రమే లక్షల మంది బతుకుతెరువు ఆధారపడకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం.

మా మ్యాథ్స్ సార్ ఇంకో మాటన్నారు. "ఇలాంటి ఉచిత ప్రోగ్రాంలు వాడుకుని బాగుపడేది పెద్ద కంపెనీలు. అవి ఇవ్వాలి గానీ మనమెందుకు?" కంపెనీలు ఇవ్వాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని, వెబ్‌సైట్లు మన పాస్‌వర్డులూ కార్డు నంబర్లూ భద్రంగా పంపడానికి వాడే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. 2014లో దాంట్లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడేదాకా దానికి వచ్చే విరాళాలు ఏడాదికి 2,000 డాలర్ల చుట్టుపక్కలే. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ వాడుకుంటున్న దానికి! లోపం బయటపడి కాళ్లకింద నేల కదిలాక వాటిలో కొన్ని కలిసి లైనక్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ద్వారా నిధి ఏర్పాటు చేశాయి. మన దేశంలో జెరోధా అనే షేర్ బ్రోకింగ్ కంపెనీ 2024లో ఇలాంటి ప్రాజెక్టుల కోసం ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామని నిధి ప్రకటించింది. సంతోషం. ఎన్‌వీడీఏకి కూడా మొజిల్లా, మైక్రోసాఫ్ట్ లాంటివి వేర్వేరు సమయాల్లో సాయం చేశాయి. కానీ కంపెనీ ఇచ్చే గ్రాంటు సాధారణంగా ఒక ఫలానా పనికి వస్తుంది, ఆ పని అయ్యాక ఆగుతుంది. పాతదాన్ని పడిపోకుండా నిలబెట్టడం, వచ్చిన ఫిర్యాదులు ఓపిగ్గా చూడడం, ఇలాంటి రోజువారీ పనులకు కావలసింది ప్రతినెలా వస్తుందని నమ్మకమున్న డబ్బు. అది చిన్నదైనా ఎక్కువమంది దగ్గర నుంచి రావాలి. పైగా కంపెనీ ఇచ్చినప్పుడు కంపెనీకి కావలసిందే ముందు జరుగుతుంది. నాకు మార్కుల షీటు చదవడం కావాలి. ఆ మాట చెప్పడానికి వాడేవాళ్లు కూడా ఇచ్చేవాళ్లలో ఉండాలి.

ఇంకొకటి. ఎన్‌వీడీఏ నాతో తెలుగులో మాట్లాడేది ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతుతో. మనిషి గొంతును రికార్డు చేసి అతికించింది కాదు, శబ్దాలను లెక్క ప్రకారం పుట్టిస్తుంది. అందుకే యంత్రంలాగా పలుకుతుంది. మా పిల్లలు వింటే నవ్వుతారు. కానీ కొన్ని ఎంబీల్లో ఇమిడిపోతుంది, ఎంత పాత లాప్‌టాప్‌లోనైనా తడబడకుండా నడుస్తుంది, చాలా వేగంగా పెట్టుకున్నా మాట తెలుస్తుంది. దాన్ని మొదలుపెట్టింది జొనాథన్ డడింగ్టన్ అనే ఇంగ్లండ్ ఆయన. 2015 తరవాత వేరేవాళ్లు అందుకుని ఎన్‌జీ పేరుతో నడిపిస్తున్నారు. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని లైసెన్సు ఉండబట్టే అందుకోగలిగారు, లేకపోతే ఆయనతోనే ఆగిపోయేది. ఏ అక్షరం ఎలా పలకాలో చెప్పే తెలుగు నియమాల ఫైలు కూడా అందులో అందరికీ కనబడేలా ఉంటుంది. తెలుగు ఉచ్చారణ బాగా తెలిసిన భాషా పండితులు ఎవరైనా కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లను పక్కన పెట్టుకుని దాన్ని చూస్తే మాకు ఎంత మేలు జరుగుతుందో. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఇవ్వగలిగిన సాయం ఇది, డబ్బు కంటే తక్కువదేం కాదు. (సందర్భం వచ్చింది కాబట్టి టీచర్లకు ఒక మనవి. ప్రశ్నపత్రాలూ సర్క్యులర్లూ పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి పంపకండి. మీకు తెలుగు కనబడుతుంది, మాకు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినబడతాయి. యూనికోడ్‌లో పంపండి.)

ఇవ్వాలనుకునేవాళ్ల కోసం నాకు ఎదురైన చిన్న చిక్కులు కూడా చెబుతాను. మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు చాలావరకు ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకుని, పరిమితి తక్కువగా పెట్టుకోండి. పని అయ్యాక మళ్లీ ఆపేసుకోవచ్చు. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి 80జీ కింద ఇన్‌కంటాక్స్ మినహాయింపు రాదు, తెలిసే ఇవ్వండి. నెలనెలా ఇవ్వడం కుదరకపోతే ఒకసారే ఇచ్చినా తీసుకుంటారు. ఎన్‌వీడీఏ డౌన్‌లోడ్ చేసేచోటే విరాళం అడుగుతారు, వద్దనుకుంటే దాటేసి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చదువుకునే పిల్లలు, ఉద్యోగం లేనివాళ్లు ఏ మొహమాటం లేకుండా దాటేయండి. అలా దాటేసే వీలు ఉండాలనే ఇదంతా ఉచితంగా పెట్టారు. నేను అలాగే చదువుకుని ఉద్యోగంలోకి వచ్చాను. మా లాగా ఒకటో తారీఖున జీతం పడేవాళ్లు మాత్రం దాటేయకండి. నేను ఆ తమ్ముడికి ఇవ్వాలనుకున్న మొత్తం పంపించాను, ఇకపై నెలకు కొంత పంపాలని నిర్ణయించుకున్నాను. మీరు వాడేది ఎన్‌వీడీఏ కాకపోవచ్చు. వీఎల్‌సీలో సినిమాలు చూస్తారు, లిబ్రే ఆఫీస్‌లో లెటర్లు రాస్తారు, ఫైర్‌ఫాక్స్ వాడతారు. మీకు రోజూ ఏది పనికొస్తోందో దానికే ఇవ్వండి.

కరీంనగర్ తమ్ముడూ, నువ్వు పేరు వద్దన్నావు గానీ గ్రూపులో వాళ్లందరికీ నువ్వెవరో తెలిసిపోతుందిలే. నీ ఋణం ఉంచుకోవడం నాకిష్టమే. మైకేల్ కరన్ గారికీ, జేమ్స్ టే గారికీ, ఎన్‌వీ యాక్సెస్‌లో పనిచేసేవాళ్లందరికీ, అనువాదాలు చేసేవాళ్లకూ, తప్పులు వెతికి చెప్పేవాళ్లకూ, నేను ఏమీ ఇవ్వలేని రోజుల్లో నా తరఫున ఇచ్చిన వాళ్లందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

విజయనగరం, శ్రీకాకుళం వైపు చూపులేని పిల్లలు ఇంటరో డిగ్రీయో చదువుతూ కంప్యూటర్ నేర్చుకోవాలనుకుంటే నాకు చెప్పండి. లాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు, మొదటి పాఠాలు ఫోన్‌లోనే చెప్పొచ్చు. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీ.