చత్వారపు అద్దాలు ఏడాది పొడవునా అందాలి

సంపాదకులకు నమస్కారం.

నలభై దాటాక దగ్గరి చూపు మసకబారడాన్ని మన పెద్దలు చత్వారం అన్నారు. పేరులోనే నలభై ఉంది. కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కడం వల్ల వచ్చే ఈ ఇబ్బంది చదువరులకు పత్రికను కాస్త ఎడంగా పట్టుకోవడంతో మొదలైతే, మా సిరిసిల్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు కూలి తగ్గడంతో మొదలవుతుంది. తునికాకు కత్తిరించడం, చుట్టడం, సన్నని దారం కట్టడం అన్నీ కళ్ల దగ్గర పెట్టుకొని చేసే పనులే. సాంచా (మరమగ్గం) మీద తెగిన పోగును వెతికి ముడివేసే కార్మికుడి అవస్థా ఇదే.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి, ఇవ్వనివారితో పోల్చి చూస్తే, వారి ఆకు కోత సుమారు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అద్దాలు పెట్టుకుంటే చూపు మరింత పాడవుతుందనే అపోహ మా వాడల్లో ఇంకా ఉంది కనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది.

2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరి 18న మొదలైన, తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా కళ్లు పరీక్షించి అద్దాలిచ్చిన కంటి వెలుగు శిబిరాలు ఎందరికో మేలు చేశాయి. అయితే చత్వారానికి ఒకసారి ఇచ్చిన అద్దాలు ఎల్లకాలం సరిపోవు. అరవై ఏళ్లు వచ్చేదాకా కొన్నేళ్లకోసారి పవరు మారుతూనే ఉంటుంది. మా పక్కింటావిడ శిబిరంలో ఇచ్చిన అద్దాల కాడ విరిగితే బీడీ దారంతోనే కట్టుకొని నెట్టుకొస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్లద్దాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడం సంతోషమే కానీ, పట్నం దుకాణానికి వెళ్తే పోయే ఒక పూట కూలిని అది తిరిగి ఇవ్వదు. రోడ్డు పక్కన కొన్న అద్దాలతో సరిపెట్టుకుంటే శుక్లం, నీటికాసులు (గ్లాకోమా) వంటివి బయటపడకుండా ముదిరిపోతాయి.

అందువల్ల ప్రభుత్వం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ సాధారణ పవర్లలో చత్వారపు అద్దాలను ఏడాది పొడవునా నిల్వ ఉంచాలి. దగ్గరి చూపు పరీక్షించడం ఆశా కార్యకర్తలకు నేర్పి, ఆ అద్దాలతో చూపు కుదరనివారిని కంటి వైద్యుల వద్దకు పంపాలి. చుట్టిన బీడీలు అప్పగించడానికి ఆడవాళ్లు ఎలాగూ కార్ఖానాకు వస్తారు కనుక, నెలకొక రోజు పరీక్ష అక్కడే పెడితే ఎవరి కూలీ పోదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సిరిసిల్ల